మూడోసారి తోడిన నీళ్లు

గల్ఫ్‌లో, కల్బా ఊరి వెనక కొండల్లో రోడ్డు కోసం రాళ్లు పగలగొట్టే పని మాది. ఎనభైలు మొదలైన కొత్త. క్యాంపులో నా పక్క మంచం మీద మా పొరుగూరి మనిషి ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద, తాతల నుంచీ రాతిపని చేసే ఇంట్లో పుట్టినవాడు. అన్నా అని పిలిచేవాణ్ణి. ఏ బండనైనా సుత్తితో ఒకసారి తట్టి, ఎటు పగులుతుందో చెప్పేవాడు. ఆ కొండల ముందు మాత్రం సుత్తి దించి నిలబడేవాడు. "గడ్డిపోచ లేదు తమ్మీ. ఎన్ని యుగాల సంది ఎండుతున్నయో పాపం" అనేవాడు.

ఆ చలికాలం నాకు కామెర్లయ్యాయి. ట్యాంకరు నీళ్లు ఉప్పగా, రబ్బరు వాసనతో ఉండేవి. నోట్లో పోసుకుంటే వాంతి. నాకసలే నోటి దురుసు. "ఇవి నీళ్లా? గొడ్లు కూడా ముట్టవు. మా వాగు చెలిమె నీళ్లు రెండు దోసిళ్లు దొరికితే లేచి కూసుందును" అని మూలుగుతూ ఉండేవాణ్ణి. ఊరికే అన్నాను. అన్నవాణ్ణి నేను మరిచిపోయాను, విన్న ఆయన మరవలేదు.

శుక్రవారం సెలవు. పొద్దున్నే ఒక రేకు గిన్నె పట్టుకుని నన్ను లేపాడు.

"లే తమ్మీ. వాగు ఏ దేశంలనన్న వాగే. ఇసుకుంటే కింద నీళ్లుంటయి."

కొండల మధ్య సందులోకి నడిచాం. రెండు వైపులా నిట్టనిలువు బండలు, నల్లగా, ఎర్రగా. పైన సన్నని ఆకాశం. అడుగున ఎండిన ఏరు, గుండ్రాళ్లు. నేను కాలు తీసి కాలు వేయలేకపోతుంటే రెక్క పట్టుకుని నడిపించాడు. ఒక మలుపు దగ్గర ఇసుక కనిపించింది. నన్ను ఎత్తుగా ఉన్న బండ మీద నీడలో కూర్చోబెట్టి, కిందికి దిగి తవ్వాడు. మోచేతి లోతుకే నీళ్లూరాయి. నా కళ్లల్లోనూ ఊరాయి, అబద్ధమెందుకు! ఆయన మొదటి దోసిలి గంగమ్మకని ఇసుకలోనే వదిలి, గిన్నె ముంచి నాకందించాడు. మట్టిరంగు నీళ్లు. ఒక గుక్క పుక్కిలించి ఉమ్మేశాను.

"బురద! దీనికేనా నన్నింత దూరం ఈడ్చుకొచ్చినవ్?"

చెలిమె సంగతి నాకు తెలియక కాదు. మొదట ఊరినవి తోడి పారబోయాలి. మళ్లీ ఊరనిచ్చి మళ్లీ తోడాలి. మూడోసారికి గాని తేటపడవు. ఆ ఓపిక నాకు లేకపోయింది.

"కోపం జెయ్యకు. మూడుసార్లు తోడితే అద్దం లెక్కయితయి" అని మళ్లీ చెలిమె పక్కన కూర్చున్నాడు.

అప్పుడే ఎదుటి గట్టు మీద మేకలు తోలుకుపోతున్న అరబ్బు ముసలాయన మమ్మల్ని చూశాడు. "యల్లా! యల్లా!" అని అరుస్తూ, తొందరగా పొమ్మన్నట్టు రెండు చేతులూ ఊపుతూ, దూరాన శిఖరాల మీదున్న మబ్బు చూపించాడు. మా వైపు మాత్రం ఎండ కాస్తోంది. అన్న నవ్వాడు.

"మబ్బు గాడెక్కడ్నో ఉన్నది. మన వాగు వచ్చే ముందు మూడూళ్లకు చెప్పి వస్తది. ఇంకొక్కసారి తోడుత."

నిజమే, మా వాగు ఇసుక తాగుతూ మెల్లగా వస్తుంది. కానీయమన్నాను. ఆ బండలు ఒక్క చుక్క కూడా తాగవని మా ఇద్దరికీ తెలియదు.

ముందు గాలి కొట్టింది. తర్వాత రాళ్లు దొర్లే చప్పుడు. మలుపులోంచి బురదనీళ్లు నిలువెత్తున వచ్చాయి. "అన్నా!" అని అరిచాను. ఆయన నిండు గిన్నె పట్టుకుని నా వైపే వస్తున్నాడు. గిన్నె పారేసి రెండు చేతులతో బండ పట్టుకుంటే ఎక్కేవాడు. పారెయ్యలేదు.

సాయంత్రానికి కింద మైదానంలో దొరికాడు. కంపెనీ మేనేజరు, ముదీర్ అనేవాళ్లం, వచ్చి చూసి, ఖలాస్ అని తల దించుకున్నాడు. ఊరికి ఉత్తరం నేనే రాశాను. వాగు వచ్చిందని రాశాను. వాగులోకి ఎందుకు పోయామో రాయడానికి చెయ్యి రాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరే మంచిదైతే ఆయన బతికేవాడు.

రెండేళ్లకు సెలవు దొరికి వాళ్లింటికి పోయాను. ఈసారైనా చెప్పేయాలని దారంతా అనుకుంటూనే ఉన్నాను. గడప దాటగానే వదినె ఏమీ అడగకుండా చెంబు చేతికిచ్చింది.

"ఎండల వడి వచ్చినవ్, తాగు తమ్మీ. పొద్దుగాల చెలిమెల మూడుసార్లు తోడి తెచ్చిన. తేటగున్నయి."

ఎత్తి పట్టి తాగాను. దించితే ఆమె ముఖం చూడాలి. నీళ్లు అయిపోయాక కూడా చెంబు దించలేకపోయాను.

"అయ్యో, ఇంక దూప తీరలేదా?" అంటూ ఆమె ఖాళీ చెంబు తీసుకుని, మళ్లీ నింపడానికి లోపలికి పోయింది.