యాంప్లిఫయర్ కొనడానికి తీసుకెళ్లిన చెవులు

ఎనిమిదో తరగతి మధ్యలో బడి నన్ను వదిలేసింది. నేనే బడిని వదిలానని మా ఇంట్లో చెప్పుకుంటారు, అది వాళ్ల మంచితనం. ఆ ఏడాదే మైకుసెట్టు పనిలో చేరాను. పెళ్లిళ్లు, ఊరమ్మకు చేసే దేవరలు, చర్చి సభలు, ఎన్నికలు. దేవుడు ఎవరైనా బాక్సులు మాత్రం మావే. ముప్పై ఏళ్లు వాటి పక్కనే నిలబడ్డాను. అందుకే నిరుడు మా ఆవిడ "నీకు చెవులు మందగించినాయి" అంటే నవ్వొచ్చింది. నవ్వైతే నవ్వాను గానీ, లోపలెక్కడో గుచ్చుకుంది. చెవి పోయిన మైకువాడిని ఎవరు పిలుస్తారు?

ఇంట్లో రెండు చిన్న స్పీకర్లున్నాయి. వాటికి యాంప్లిఫయర్ కావాలి, కొత్తది కొనే స్తోమత లేదు. పాతదాన్ని నా చెవులతోనే ఎంచి చూపిస్తానని మా ఆవిడను, స్పీకర్లను ఆటో ఎక్కించి కల్లూరు నుంచి కర్నూలు వన్‌టౌన్‌కు తీసుకెళ్లాను.

అక్కడ పాత సెట్లు బాగుచేసి అమ్మే పెద్దాయన ఉన్నాడు. నేను భాయ్ అంటాను. మా స్పీకర్లు తగిలించి, బల్ల మీద రెండు ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు పెట్టాడు. ఒకటి ఎత్తితే నడుం పట్టేంత బరువు, అద్దం వెనక రెండు ముళ్లు పాటకు ఊగుతున్నాయి. రెండోది రంగు వెలిసిన రేకుడబ్బా.

మా మైకువాళ్ల పరీక్ష ఒకటే. బేస్ మొత్తం తిప్పాలి, సౌండు మొత్తం తిప్పాలి, ఎదురుగా నిలబడితే చొక్కా కదలాలి. బరువైనదాంతో చొక్కా కదిలింది. బల్ల మీది టీ గ్లాసు కూడా కదిలింది.

"ఇదే భాయ్. అట్టపెట్టెలో పెట్టు."

"దేవరకా, ఇంటికా అప్పా?"

"ఇంటికే."

"అట్లయితే ఈ ఊపు యాల? పాట పెడితే ప్రతి యాంపూ మంచిదే. పాట ఆపి, స్పీకర్ కాడ చెవి పెట్టి ఇను."

పాట ఆపాడు. చెవి ఆనించాను. ఏమీ లేదు.

"తలుపులేసిన గుడి మాదిరి ఉండాది భాయ్. సద్దే లేదు."

గడప దగ్గర నిలబడిన మా ఆవిడ అంది: "సద్దు లేదా? ఈగల గుంపు దూరినట్లుంటే! ఈడికే ఇనపడతాండాది గదయ్యా."

"బయట ఆటోలది."

"ఆటోలు పోయి శానా సేపయింది."

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే నా దగ్గర జవాబుండేది. భాయ్ వైపు చూశాను. ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్ వైపు చూసుకుంటున్నాడు.

ఈ మధ్య సభల్లో ఎవరైనా "గుయ్యిమంటాంది" అంటే వాళ్లనే ఎగతాళి చేసి పంపేవాడిని. ఎంతమందిని పంపానో అప్పుడు గుర్తొచ్చింది.

భాయ్ రెండోదానికి వైర్లు మార్చాడు. నేను వంగలేదు. "నువ్వు పెట్టు" అన్నాను మా ఆవిడతో.

ఆవిడ జుట్టు చెవి వెనక్కి సర్దుకుని, కళ్లు మూసుకుని రెండు స్పీకర్ల దగ్గరా వింది. "ఏం లేదు." భాయ్ సౌండు నాబ్ మెల్లగా తిప్పితే, "మొదట్లో రవంత గరగర" అంది.

"అది దుమ్ము, తుడిస్తే పోతాది," అన్నాడు భాయ్. "ఇందాకటిది లోపల కెపాసిటర్లు పోయినాయి, ఆ గుయ్యి దానికే. మారిస్తే ఇంకో యాంపు రేటవుతాది."

అరగంట పాట పెట్టి వదిలేసి, వేడెక్కిందేమోనని పైన చెయ్యి పెట్టి చూశాం. గోరువెచ్చగా ఉంది, అంతే. రేకుడబ్బానే కొన్నాం.

తిరుగు ఆటోలో అడిగాను: "ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"ముందు నువ్వు మాట ఇని జోకేసేటోడివి. ఇప్పుడు ఇనకముందే ఏస్తాండావు."

సోమవారం చెవుల డాక్టరు దగ్గరికి నాతో వస్తావా అని అడిగాను. ఆవిడ ఏదో అంది. ఆటో హోరులో నాకు అందలేదు. మామూలుగా అయితే నవ్వి తలూపేవాడిని.

"ఏమన్నావు?" అని అడిగాను.