రెండుసార్లు నొక్కితే

మా సిస్టరమ్మ మంగళవారం పొద్దున పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఐదు రోజుల ముందే చూసి వచ్చినదాన్ని, ఆ కబురు వస్తుందని తెలుసు. ఆమె నాకు చుట్టం కాదు. తిరుపతిలో ఒక ఆస్పత్రిలో నర్సు. ఎనభైల చివర్లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నా కడుపులోకి గొట్టం వేసిన రోజు నా చెయ్యి పట్టుకున్న మనిషి.

మాది ఐరాల పక్క పల్లె. ఆ ఏడు నాకు తిన్నది ఇమిడేది కాదు. రెండుసార్లు వాంతిలో రక్తం పడింది. కొనలో దీపం ఉన్న గొట్టాన్ని నోట్లోంచి దించి లోపల చూడాలన్నాడు డాక్టరు. పిల్లలకైతే మత్తిచ్చి చేస్తారట. నాకేమో చిన్నప్పటి నుంచీ ఆయాసం. మత్తిస్తే నా ఊపిరికి తాను హామీ ఇవ్వలేనని, మెలకువలోనే చేయాలని, నేను పెనుగులాడితే లోపల గీరుకుని అసలుకే మోసం వస్తుందని మా నాయనకు చెప్పాడు. నాకంటే నాయనే ముందు ఏడ్చేలా ఉన్నాడు.

పరగడుపున రమ్మన్నారు. ముందురోజే వచ్చి సత్రంలో దిగాం. మా అవ్వ ఊరుకుంటుందా? కొండకు పోయి లడ్డు తెచ్చింది. తెల్లారి నాకు స్నానం చేయించి, తూర్పుకు తిప్పి, సగం లడ్డు తినిపించింది.

బిడ్డ ఏమైనా తినిందా అని డాక్టరు అడిగితే, మంచినీళ్ళు కూడా ముట్టలేదని నాయన చెప్పాడు. అవ్వ తలూపింది. ఇద్దరూ మనస్ఫూర్తిగానే చెప్పారు. సిస్టరమ్మ మాత్రం వేడినీళ్ళలో చేతులు ముంచి తుడుచుకుని నా ముందు కూర్చుంది. పిల్లల్ని ఆమె చల్లని చేత్తో ఎన్నడూ ముట్టదు. నువ్వు చెప్పు పాపా అని అడిగింది.

"ఏం తినలేదు. ప్రసాదం తినినాను, అంతే."

డాక్టరు అంతెత్తున లేచాడు. కడుపులో తిండి ఉండగా గొట్టం వేస్తే, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుందని, బిడ్డను చంపుకుంటారా అని నాయనను కడిగిపారేశాడు. అవ్వ బిక్కచచ్చిపోయింది. స్వామి ప్రసాదం తిండి ఎట్లవుతుందో ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

"వాళ్ళు అబద్ధం చెప్పలేదు సార్. మనం అడిగిందే సరిగ్గా లేదు," అంది సిస్టరమ్మ.

రిటైరయ్యేదాకా ఆమె ప్రతి బిడ్డనూ, ప్రసాదం తిన్నావా అని విడిగా అడిగేది. తిన్నామన్న పిల్లలు తక్కువేం కాదని తర్వాత నాతో చెప్పి నవ్వింది.

మరుసటి రోజు మళ్ళీ పోయాం. ఏం కాదులే అని అందరూ నా తల నిమిరారు. ఆమె ఆ మాట అనలేదు.

"కష్టంగానే ఉంటాది పాపా. కడుపులో తిప్పతాది, కండ్లలో నీళ్ళొస్తాయి. ఊపిరి మాత్రం ఆడతానే ఉంటాది. నా చెయ్యి పట్టుకో. ఓర్చుకోలేకపోతే రెండుసార్లు నొక్కు, నేను ఆపిస్తా."

గొంతులో మందు చిమ్మితే నాలుక మొద్దుబారింది. ఎడమపక్కకు పడుకోబెట్టారు. గొట్టం గొంతు దాటేటప్పుడు ఎంత ఘోరంగా ఉందో ఇప్పటికీ మర్చిపోలేదు. సగం ఓర్చుకోలేక, సగం ఆమె మాట నిజమో కాదో చూద్దామని రెండుసార్లు నొక్కాను. ఆపండి సార్ అంది. ఆయన విసుక్కున్నాడు గానీ ఆపాడు. ఆమె నా ముఖానికి దగ్గరగా వంగి, ముక్కుతో పీల్చు, వదులు అంటూ నాతోపాటే ఊపిరి తీసింది. నా భయం అక్కడే సగం పోయింది. నా పిడికిలి వదులయ్యాకే, ఇంక కానీండి అని ఆయనతో అంది. మళ్ళీ నొక్కే పని పడలేదు. లోపల పుండు ఉందని తేలింది. మందులతోనే మానింది.

నాకు తిరుపతిలోనే టీచరు ఉద్యోగం వచ్చాక ఆమె ఇంటికి పోతూ వస్తూ ఉండేదాన్ని. లడ్డు తీసుకుపోతే, ఈరోజు గొట్టం లేదు గదా అని ఆటపట్టించి మరీ తినేది. నా కూతురికి సూది వేయిస్తూ నేను ఏం కాదన్నానని ఒకసారి గట్టిగా చీవాట్లు పెట్టింది. ఏం కాదు అనేది మన ధైర్యానికి మనం చెప్పుకునే మాటట, బిడ్డకు పనికిరాదట. ఆ మాట నేను మళ్ళీ ఏ బిడ్డతోనూ అనలేదు.

ఆ కబురు రావడానికి ఐదు రోజుల ముందు నేను ఆస్పత్రికి పోయేసరికి, పాలు పోయడానికి ఒక నర్సుపిల్ల సిస్టరమ్మ ముక్కులోంచి గొట్టం వేయబోతోంది. మాట అప్పటికే పడిపోయింది. ఏం కాదత్తా, ఏం కాదు అంటూ కోడలు కళ్ళు తుడుచుకుంటోంది. నేను అరచేతులు రుద్దుకుని వెచ్చబడ్డాక ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"కష్టంగానే ఉంటాది సిస్టరమ్మా. నేనుండా."

గొట్టం కొంచెం లోపలికి పోయింది. నా చేతిని ఆమె రెండుసార్లు నొక్కింది.

ఆపమ్మా అన్నాను. ఆ నర్సుపిల్ల బిత్తరపోయి ఆగింది. వంగి సిస్టరమ్మతోపాటే ఊపిరి తీశాను, వదిలాను. కాసేపటికి ఆమె వేళ్ళు నా చేతిలో వదులయ్యాయి.

ఇంక కానీమ్మా అన్నాను.