పెదనాన్న చెవి మిషను

అతను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఇతరుల తప్పులు పట్టడంలో అతనిది డేగకన్ను. యుద్ధాల్లో పనిచేసిన ఊరివాళ్ల గురించి ఒక పుస్తకం అచ్చుకు వచ్చినప్పుడు యజమాని అడిగాడు: "మీ పెదనాన్నకేదో పతకం ఉందంటారు కదయ్యా. ఆ వివరాలు కాస్త పట్రా."

వివరాలు ఎవరికి తెలుసు గనక? పతకం గుండీల డబ్బాలో, సూదులకూ దారపు ఉండలకూ మధ్య పడి ఉండేది. సైన్యం నుంచి వచ్చేవాళ్లందరికీ అలాంటిదొకటి ఇస్తారని ఇంట్లో అనుకునేవారు. అడిగితే పెదనాన్న, "ఏదో ఇచ్చార్లే" అనేవాడు. ఆయనకు చెవులు సరిగా వినపడవు. సైన్యం వదిలాక నూలు మిల్లులో పనిచేశాడు గనక, ఆ యంత్రాల రొదకే పోయాయని అందరూ తేల్చేశారు.

అతను సైనిక రికార్డుల ఆఫీసుకు ఉత్తరం రాశాడు. నాలుగు నెలలకు జవాబొచ్చింది. అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను పట్టుకునే చదివాడు. ఫిరంగి గుళ్లు పడుతుండగా, తెగిపోయిన టెలిఫోను తీగను పెదనాన్న తొమ్మిదిసార్లు అతికించాడట. నాలుగోసారి పక్కనే గుండు పేలి రెండు చెవులూ దెబ్బతిన్నా, సాయంత్రం దాకా పాక్కుంటూ వెళ్లి తక్కినవీ అతికించాడట.

పెన్నుకు మూత పెట్టాడు. తలెత్తి ఎవరి ముఖమూ చూడలేకపోయాడు.

పన్నెండేళ్లప్పుడు అతనొక ఆట కనిపెట్టాడు. పెదనాన్న ఎదుట నిలబడి, గొంతులోంచి ఇంత శబ్దం కూడా రానివ్వకుండా పెదవులు మాత్రం ఆడించేవాడు. ఆయన చెవి మిషను తీసి, తట్టి, బ్యాటరీ మార్చి మళ్లీ పెట్టుకునేవాడు. ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. చుట్టాలొస్తే, "ఒరేయ్, ఆ ఆట చూపించరా" అని అడిగి మరీ ఆడించేవారు. పెళ్లయ్యాక కూడా, కొత్త బావమరిదిని నవ్వించడానికి ఒకసారి ఆడాడు.

జవాబొచ్చిన ఆ సాయంత్రమే పెదనాన్న గదికి వెళ్లాడు. ఆయన కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు. అతనిచ్చిన ఉత్తరం భూతద్దంతో మెల్లగా చదివి మడిచాడు.

"సగమే రాశారు. నేనూ, నా జతగాడూ ఇద్దరం వెళ్లాం. నేను అతికిస్తుంటే వాడు తీగ లాగి పట్టుకునేవాడు. ఏడోసారి పోయాడు. వాడి పేరూ రాయండని నేను నోరు తెరిచి అడగలేదు. ఆ సిగ్గుతోనే బిళ్ల ఏనాడూ పెట్టుకోలేదు."

అతను జేబులోని ప్రూఫు కాగితం వెనక రాసి చూపించాడు: 'ఉత్తినే పెదవులు ఆడించి నిన్ను ఏడిపించేవాణ్ని. క్షమించు పెదనాన్నా.'

"తెలుసురా. మాట్లాడేవాడికి గొంతు దగ్గర కదులుతుంది. నీకు కదిలేది కాదు."

'మరి మిషను ఎందుకు తీసేవాడివి?' అని కింద రాశాడు.

"అందరూ నవ్వేవారు కదా! మిగతా రోజుల్లో నా వైపు చూసిందెవర్రా?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి.

పుస్తకంలో పెదనాన్న పేజీలో ఇద్దరి పేర్లూ వచ్చాయి. ఆ పేజీ ప్రూఫు అతనే మూడుసార్లు చూశాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం వెళ్లి, ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతాడు. కానీ అతను నోరు తెరవగానే పెదనాన్న చూపు ముందుగా గొంతు మీదికే పోతుంది. అది గమనించినప్పుడల్లా అతని తల వాలిపోతుంది.