ఆవిడ నవ్వితే బిస్కెట్లు తీయాలి

కొత్త ఆల్బమ్ కోరస్‌కు నచ్చిందా, నచ్చలేదా? ఇంత వయసొచ్చింది. బోలెడు పుస్తకాలు చివరి పేజీ దాకా చదివాను. ఎవరు ఎవరిని ఎందుకు వదిలేశారో, ఎందుకు వదల్లేకపోయారో కాస్తో కూస్తో అర్థమైంది. ఈ ఒక్క సంగతి మాత్రం ఇవాళ్టికీ తేలలేదు.

కోరస్ మా కింది వాటాలో రొట్టెల కొట్టు నడుపుతాడు. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, వీధిలో దాని అవసరం ఎవరికీ పడలేదు. అతను ఒకే ఒక గాయనికి భక్తుడు. ఆవిడ పాట ఎక్కడ వినిపించినా గొంతు కలుపుతాడు, అదీ వెనక బృందం అందుకునే ముక్కల్లో మాత్రమే. ఆవిడ గొంతు మొదలైందంటే ఠక్కున నోరు మూసి, బడిపిల్లాడిలా చేతులు కట్టుకుంటాడు.

"ముందు పాడటానికి ఆవిడ ఉంది కదా అక్కగారూ, మధ్యలో నేనెందుకు దూరటం?" అనేవాడు నాతో.

మనిషి బొద్దుగా ఉంటాడు. కనుబొమల మీద ఎప్పుడూ పిండి. బట్టీ పైన గోడకు ఆవిడ ఫొటో ఒకటి వేలాడుతుండేది. వేడికి ఆవిడ మొహం ఏటికేడాది రంగు మారుతూ అచ్చం రొట్టె రంగుకొచ్చింది. కొట్టు ముందు బల్ల దగ్గర కూర్చునే అతని భార్య దాన్ని చూసినప్పుడల్లా, "మా సవతి బాగా కాలింది, ఇక దించొచ్చు" అనేది. సవతి అనే పిలుపులో కోపం ఉండేది కాదు. ఎందుకుంటుంది? ఆ ఇల్లు నడిచేదే సవతి పాటల మీద.

మాటవరసకు అనటం లేదు. ఆ కొట్టులో గడియారం లేదు. పిండి బట్టీలో పెట్టగానే ఆవిడ పాత ఆల్బమ్ మొదలుపెడతాడు. రెండో పాటలో వేణువు వచ్చిందంటే రేకులు అటువి ఇటు తిప్పాలి. నాలుగో పాట చివర చప్పట్లు ఆగాయంటే రొట్టె బయటికి రావాలి. బిస్కెట్ల లెక్క వేరు. మూడో పాట మధ్యలో, పాడుతూ పాడుతూ ఆవిడ ఎందుకో ఫక్కున నవ్వుతుంది. ఆ నవ్వు వినపడగానే బిస్కెట్లు తీసేయాలి. వీధి పిల్లలు వాటిని నవ్వు బిస్కెట్లనే అడిగేవాళ్లు. పైన నాకు కూడా అదే గడియారం. చప్పట్లు ఆగగానే చదువుతున్న పేజీలో వేలు పెట్టుకుని సంచీతో కిందికి దిగేదాన్ని.

గడియారం కొనుక్కోవచ్చు కదా అని ఎవరైనా అంటే కోరస్ నొచ్చుకునేవాడు. "గడియారానికి మన మీద ప్రేమేం ఉంటుందండీ? మనం పోయినా అది తిరుగుతూనే ఉంటుంది."

నిజానికి గడియారం ఒకటి కొట్టులోనే ఉంది, పెట్టెలోంచి బయటికి రాలేదంతే. అది అతని బావమరిది పెళ్లికిచ్చిన కానుక. తడి తగలకుండా పిండి బస్తా కింద ఎత్తుకు దాన్ని వాడుతున్నారు. ఆ బావమరిదే అక్కడ పిండి కలుపుతాడు. అక్క మాట జవదాటడు, బావ మాట ఒక్కటీ వినడు. అతనికి వేరే ఒక కుర్ర గాయకుడంటే ఇష్టం. ఆ పాట పెట్టమని ఎప్పుడడిగినా కోరస్ జవాబు ఒకటే: "వాడి పాట వింటే పిండి పొంగదురా, పారిపోతుంది."

ఇదిలా ఉండగా ఆవిడ చాలా ఏళ్లు పాడలేదు. గొంతు పోయిందన్నారు, విసుగొచ్చి మానేసిందన్నారు. కోరస్ ఎవరి మాటా నమ్మలేదు. చివరికి ఆవిడ కొత్త ఆల్బమ్ వస్తోందని తెలిసిన రోజున వచ్చినవాళ్లందరికీ తలా ఒక బన్ను చేతిలో పెట్టి ప్రకటించాడు. "ఆ రోజు నుంచి మా బట్టీ కొత్త పాటల మీదే నడుస్తుంది. పాతవి అటకెక్కిస్తాను."

"ముందు ఒక్కసారి వినండి. ఎంత పొడుగున్నాయో, ఎలా ఉన్నాయో" అంది భార్య.

"ఆవిడ పాటని పరీక్ష పెట్టి వినమంటావా? వింటే రొట్టెతోనే వింటాను."

బావమరిది పిండి చేతులు దులుపుకున్నాడు. "అయితే బావా, పందెం. వారం తిరిగేలోపు రొట్టె కుదిరిందా, నేనింక నోరెత్తను. కుదరలేదా, నా గడియారం గోడెక్కుతుంది, ఆ స్పీకరు నాకొస్తుంది. మావాడి పాటలే మోగుతాయి."

కోరస్ ఫొటో వైపు ఒకసారి చూసి, "సరే పోరా" అన్నాడు.

విడుదలైన రోజు పొద్దున్నే బట్టీ తలుపు మూసిన చప్పుడు, వెంటనే మొదటి పాట. నేను పుస్తకం మూసేశాను. డ్రమ్ములు లేవు. కాసేపు అసలేమీ లేదు. తర్వాత, నిద్రలేచి మంచినీళ్ల కోసం తడుముకుంటున్న మనిషిలా ఒక గొంతు వచ్చింది. ఆవిడదే. అరిగి, లోతుకు దిగిపోయి ఉంది. పాట అయిపోయిందనుకునేలోపు ఆగేది, ఆగిందనుకునేలోపు మళ్లీ అందుకునేది. రెండో పాట ఇంకా పొడుగు. కింది నుంచి ముందు వాసన వచ్చింది, తర్వాత పొగ, ఆ తర్వాత బావమరిది గొంతు.

"తీసెయ్ బావా."

"పాట అవనీరా."

"పాట కంటే ముందే రొట్టె అయిపోయింది బావా."

"మధ్యలో తలుపు తీస్తే, ఆవిడ పాడుతుంటే లేచి వెళ్లిపోయినట్టు ఉండదూ?"

నేను దిగేసరికి రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి వెళ్తున్న నర్సమ్మ ఒక రొట్టెను వెలుతురుకెత్తి చూస్తోంది.

"ఇదేంటి తమ్ముడూ, రొట్టా, ఎక్స్‌రేనా?"

"కొత్త ఆల్బమ్ అండీ" అన్నాడు కోరస్, అదే సంజాయిషీ అన్నట్టు.

"ఎలా ఉందేంటి?"

"అబ్బో. ఆ మొదటి పాట ఉంది చూశారూ, తలుపు దాకా వచ్చి తట్టకుండా నిలబడ్డట్టు ఉంటుంది. తట్టదు. మనమే వెళ్లి తీయాలి. రెండోది వింటుంటే..."

"నేనడిగింది రొట్టె సంగతి."

"అదా. అందులో ఆవిడ తప్పేం లేదండీ. మా బట్టీకి ఆ పాటలు ఇంకా అలవాటు పడలేదు."

మర్నాడు బట్టీని కాకుండా పాటలను మచ్చిక చేసుకోవాలని చూశాడు. పొట్టి పాటలు ఏరి వాటితోనే కాల్చాడు. ఆ రోజు రొట్టె కోస్తే కత్తి లోపలే ఉండిపోయింది. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన తన రొట్టెను వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది నెమ్మదిగా ఒక పక్కకు కూలబడింది.

"దీనికి ఇంకో రెండు స్టేజీలున్నాయి నాయనా, మధ్యలోనే దింపేశావు" అన్నాడాయన.

అన్నిటికంటే అన్యాయమైపోయినవి బిస్కెట్లు. కోరస్ అవి లోపల పెట్టి, ఆల్బమ్ మొత్తం చెవులు రిక్కించుకుని విన్నాడు. చివరి పాటలో అసలు మాటలే లేవు, ఉత్త కూనిరాగం. అదీ అయిపోయింది. తలుపు తీస్తే రేకు నిండా బొగ్గులు.

"ఈసారి ఆవిడ ఎక్కడా నవ్వలేదు" అన్నాడు భార్యతో. మాడిన బిస్కెట్ల గురించి చెబుతున్న గొంతు కాదది.

భార్య వినీ విననట్టు తమ్ముణ్ణి పిలిచింది. "ఒరేయ్, ఆ గడియారం బయటికి తీసి తుడిచి పెట్టు."

బస్టాండు పక్క కొట్టుకు మా వీధి సంచులు మళ్లటం మొదలైంది. అయినా కోరస్ ఆల్బమ్‌ను ఒక్క మాట అననివ్వలేదు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పాట పాటకీ విడివిడిగా చెప్పేవాడు: మూడోది నెమ్మదిగా ఎక్కుతుంది, నాలుగోది ఎక్కదు, పక్కన కూర్చుంటుంది, అయిదోది విన్నాక కాసేపు ఎవరితోనూ మాట్లాడకూడదు. ఇన్ని చెబుతున్నా అతని చూపు మాటిమాటికీ బల్ల చివరకు పోయేది. అక్కడ గడియారం తళతళా మెరుస్తూ, గోడకు మేకు కోసం కాచుకుని ఉంది. అది గోడెక్కితే ఆ కొట్టులో ఆవిడ గొంతుకు చోటుండదు. బట్టీ, పిండి, పెళ్లాం అన్నీ ఉంటాయి, ఆవిడ మాత్రం ఫొటోకే మిగులుతుంది.

వారం ఇంకా తిరగలేదు. ఒక పొద్దున రొట్టె కుదిరింది. కుదరటమంటే ఎప్పటిలా. పైన బంగారం, లోపల దూది. నర్సమ్మ రెండు పట్టుకెళ్లింది. ఆ మర్నాడూ అంతే. స్పీకరులో మోగుతున్నది కొత్త ఆల్బమే, మాట మారలేదు.

"చూశావుట్రా? బట్టీకి అలవాటైపోయింది" అన్నాడు కోరస్ మీసాల్లో నవ్వుకుంటూ.

బావమరిదికి అనుమానమొచ్చింది. బావ జేబులు చూశాడు, చెవుల్లో ఏమైనా పెట్టుకున్నాడేమోనని అటూ ఇటూ వంగి చూశాడు. ఏమీ దొరకలేదు. చివరికి నా గదికి వచ్చాడు.

"అక్కయ్యా, కింద చిన్న చప్పుడైనా మీకు వినపడుతుంది కదా. నిజం చెప్పండి, బావ దొంగచాటుగా పాత పాటలు పెడుతున్నాడా?"

"పాత పాట ఒక్కటీ నా చెవిన పడలేదు నాయనా" అన్నాను.

అబద్ధం కాదు. చెవులకు పాత పాటేదీ వినపడలేదు. అరికాళ్లకు తెలిసింది. కింద కొత్త పాట తాబేలులా నడుస్తుంటే, దాంతో సంబంధం లేకుండా బట్టీ ముందు ఒక కాలు టకటకా దరువేస్తోంది. పిండి బాదే చప్పుడులో కింద ఎవరికీ పట్టని ఆ దెబ్బలు బట్టీ పక్క గోడ పట్టుకుని పైకొచ్చి నా గది నేలలో తెలుస్తున్నాయి. పాత ఆల్బమ్ డ్రమ్ములు, ఒక్క దెబ్బ తేడా లేకుండా. మొదటి పాట, రెండో పాట, వేణువు రాగానే రేకులు తిప్పిన గరగర. ఆఖరికి, కొత్త పాట ఎంతో దిగులుగా సాగుతున్న చోట కోరస్ ఒక్కడే ఫక్కున నవ్వటం, ఆ వెంటనే బిస్కెట్ల వాసన.

అరికాళ్ల సంగతి బావమరిది అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ సాయంత్రం రొట్టె కోసం దిగినప్పుడు భార్య నా సంచీలో ఒక బిస్కెట్ల పొట్లం ఊరికే పడేసింది. "మీరు మంచి సాక్షి అక్కయ్యగారూ" అంది గొంతు తగ్గించి.

"నీకు తెలుసా?"

"మొగుడి కాలు ఎటు పోతోందో పెళ్లానికి తెలియదా? పైకి కొత్తదాన్ని మెచ్చుకుంటాడు, కాపురం పాతదాంతోనే."

వారం తిరిగింది. బావమరిది మాట తప్పేవాడు కాదు. గడియారాన్ని తనే పెట్టెలో పెట్టి, పిండి బస్తా ఎత్తి కింద తోశాడు. "మావాడి పాటకి పొంగదు, పారిపోతుందన్నావు కదా బావా, ఆవిడ పాటకి మాత్రం పిండి నిద్రపోతోంది" అని గొణుక్కుంటూ పిండి పిసికాడు. కోరస్ గెలిచాడు. అందరూ అలాగే అనుకున్నారు.

నేనూ అక్కడితో ఆగితే బాగుండేది. కొత్తది నచ్చలేదు, ఆవిడ మీద మాట పడకుండా కాలితో నెట్టుకొస్తున్నాడు అని పేజీ తిప్పేసేదాన్ని. కానీ ఒక మధ్యాహ్నం, కొట్టు మూసి అందరూ భోజనాలకు వెళ్లిన వేళ, కింద మళ్లీ కొత్త ఆల్బమ్ మొదలైంది. బట్టీ చల్లారి ఉంది. మోకాళ్ల నొప్పి ఉన్నా నాలుగు మెట్లు దిగి, వంగి చూశాను. కోరస్ పిండి బస్తా మీద కూర్చుని ఉన్నాడు, కింద గడియారం, పైన తను. చేతులు కట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. రెండు కాళ్లూ నేలకు అతికించినట్టు కదలకుండా ఉన్నాయి. చివర్లో మాటల్లేని ఆ కూనిరాగం వచ్చింది. దానికి వెనక బృందం లేదు, అందుకునే ముక్క లేదు. అతను ఆవిడ వెనకే, ఉందో లేదో తెలియనంత సన్నగా అందుకున్నాడు. ఆ తర్వాత కూడా, బట్టీ ఖాళీగా ఉన్నప్పుడల్లా అదే ఆల్బమ్, అదే బస్తా.

నచ్చని పాటల్ని ఎవరు అలా వింటారు? నచ్చినవాడు వాటితో ఒక్క రొట్టె అయినా ఎందుకు కాల్చడు? పొయ్యి దగ్గర ఒకరూ, పొయ్యి ఆరాక ఒకరూనా? ఆవిడ మీద జాలా? మనసు రెండుగా చేసుకున్నాడా? పుస్తకంలో అయితే ముందూ వెనకా తిరగేసి చూసుకునేదాన్ని.

మోకాళ్లు మరీ మొరాయించిన రోజుల్లో రొట్టె తనే పైకి తెచ్చిచ్చేవాడు. అలా ఒకరోజు వచ్చాడు. "బిస్కెట్లు లోపల పెట్టి వచ్చాను అక్కగారూ, కూర్చోలేను" అంటూనే నా పుస్తకాల బీరువాకు చేరగిలబడ్డాడు. కింద స్పీకరులో కొత్త పాట నింపాదిగా సాగుతోంది. ఇంతకంటే అదను దొరకదనుకున్నాను.

"నీతో ఒక మాట. నీ కాలి సంగతి నాకు తెలుసు. కాబట్టి దాచకు. ఆ కొత్త పాటలు నీకు నచ్చాయా, లేదా?"

అతను గతుక్కుమంటాడనుకున్నాను. అనలేదు. రొట్టెను బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, చేతులు కట్టుకున్నాడు. "అక్కగారూ, అదీ..." అన్నాడు. అని ఆగాడు. నేను ముందుకు వంగాను. అతని కుడికాలు మాత్రం తన మానాన తను దరువేస్తూనే ఉంది. బీరువా అద్దాలు సన్నగా గలగలమంటున్నాయి.

ఉన్నట్టుండి ఫక్కున నవ్వాడు.

నా ప్రశ్నకు నవ్వాడో, మూడో పాట మధ్యకు వచ్చిందని నవ్వాడో నేను తేల్చుకునేలోపే గిర్రున తిరిగాడు. వెళ్లొస్తానని కూడా అనలేదు. తలుపు బార్లా తెరిచే వదిలేసి రెండేసి మెట్లు దూకుతూ దిగిపోయాడు. కింద బట్టీ తలుపు తెరుచుకున్న చప్పుడైంది. నవ్వు బిస్కెట్ల వాసన మెట్లెక్కి నా గదిలోకి వచ్చింది.