సీదా చేసిన రింగు

ఆ రోజుల్లో ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాడు సూర్యాపేటలో ఒంటరిగా ఉండాలంటే ప్రత్యేకంగా కష్టపడవలసిన పని లేదు. నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు, కోదాడ వైపు రోడ్డు బాగుచేసే పనిమీద నన్ను ఓవర్సియరుగా వేశారు. పగలంతా కంకర, కూలీలు, ఎండ. పొద్దు వాలగానే వాళ్ళు ఇళ్ళకు పోయేవారు, నేను కిరాయి గదికి పోయేవాణ్ణి. ఆ గదిలో నాకు తోడున్నవి మూడే: నులక మంచం, కిరసనాయిలు స్టవ్వు, సంచిలో ఎత్తుపల్లాలు చూసే రసమట్టం. (మూడింటిలో స్టవ్వే నయం, పంపు కొడితే బుస్సుమనైనా అనేది.)

అందుకే సాయంత్రాలు బడి మైదానానికి పోయి బాస్కెట్‌బాల్ ఆడే పెద్ద తరగతి పిల్లల్ని చూస్తూ కూర్చునేవాణ్ణి. వాళ్ళ నాయకుణ్ణి అందరూ లంబూ, అంటే పొడుగోడు, అనేవారు, జట్టులోకెల్లా పొట్టివాడు కాబట్టి. బంతిని పైకి ఎగరేసే ఓపిక అతనికి లేదు. గుండెల దగ్గర్నుంచి, మామిడికాయకు రాయి విసిరినట్టు, సూటిగా విసిరేవాడు. అది పోయి రింగులో పడేది. మిగతా వాళ్ళూ అతన్ని చూసి అలాగే విసిరేవారు. నేను ఒక్కణ్ణే చప్పట్లు కొట్టేవాణ్ణి. ఎవరూ తల తిప్పేవారు కాదు. అతను ఒక్కసారి ఇటు చూసి పలకరిస్తే చాలని, ఏం జవాబు చెప్పాలో దారిలోనే కూర్చుకుని, చెప్పే అవసరం రాక, గదికి తిరిగొచ్చేవాణ్ణి.

కోదాడ జట్టు ఆటకు వస్తోందని తెలిసినప్పుడు, నా వంతుగా ఏదైనా చేయాలనిపించింది. మైదానంలో రింగులు బిగించిన స్తంభాలు, వానలకు నేల నానిపోయి, ముందుకు వాలి ఉన్నాయి. కమ్మరి చేసిన ఇనుప రింగులు కూడా వాటితోపాటు, పెళ్ళికూతుళ్ళలా, తలలు వంచుకుని ఉన్నాయి. చదువుకున్న కంటికి అది భరించరాని దృశ్యం. డ్రిల్ మాస్టారి అనుమతి తీసుకుని, ఆట రోజు పొద్దున్నే కూలీలను పిలిపించి, స్తంభాలు నిలువుగా నిలబెట్టి, మొదళ్ళలో రాళ్ళు వేసి దిమ్మిస కొట్టించి, రింగుల మీద రసమట్టం పెట్టి చూశాను. బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. ఆ ఊరు వచ్చాక నాకు దక్కిన తొలి సంతోషం అదే.

లంబూ విసిరిన మొదటి బంతి రింగు ముందంచుకు తగిలి తిరిగొచ్చి అతని ఛాతీమీదే పడింది. రెండోదీ అంతే. మిగతా వాళ్ళవీ అంతే. ఇంకెవరికీ అర్థం కాకముందే నాకు అర్థమైంది: ఇన్నాళ్ళూ ఆ వాలిన రింగులు వీళ్ళ సూటి దెబ్బలకు ఎదురొచ్చి నోరు తెరిచేవి. ఇప్పుడవి ఆకాశం వైపు చూస్తున్నాయి. కోదాడ పిల్లలు బంతిని తీరిగ్గా పైకి ఎగరేస్తుంటే అవి తీరిగ్గా మింగుతున్నాయి. ఆట అయ్యాక వాళ్ళ నాయకుడు నా దగ్గరికి వచ్చి, "రింగులు భలే పెట్టారండీ, అచ్చం మా ఊళ్ళో ఉన్నట్టే ఉన్నాయి" అన్నాడు. (సూర్యాపేటలో నా పనికి దక్కిన మెప్పు అదొక్కటే.)

లంబూ కూడా వచ్చాడు. అంతకాలం ఎదురుచూసిన పలకరింపు.

"సాబ్, రింగు మీరే సీదా చేసిన్రా?"

నేను నిలువు, మట్టం, వాలు అన్నీ వివరించాను. అతను మర్యాదగా చివరిదాకా విన్నాడు.

"మంచిగనే చేసిన్రు. గని జర మమ్ముల అడగాల్సింది" అని పోయాడు.

ఆ తర్వాత మైదానం వైపు పోవడం మానేశాను. స్టవ్వుతోనే కాలక్షేపం. ఒక సాయంత్రం తలుపు చప్పుడైతే తీశాను. లంబూ, వెనకాల జట్టంతా.

"ఓర్సీర్ సాబ్, ఆదివారం మిర్యాలగూడల ఆట ఉన్నది. మీరు జర ముందుగాల పోయి వాళ్ల రింగులు సుత సీదా చేసి రారాదున్రి?"

నేను కాసేపు ఆలోచించి, దానికి అక్కడి బడివారి అనుమతి కావలసి ఉంటుందని చెప్పాను.

 ఒకడు నా మంచంమీద కూలబడి నులక కిర్రుమనేలా నవ్వాడు, మిగతా వాళ్ళు గోడలు పట్టుకున్నారు. అది వేళాకోళమని అర్థమై నేను నవ్వేసరికి వాళ్ళ నవ్వు సగం అయిపోయింది. లంబూ కళ్ళు తుడుచుకుంటూ, "ఇగ గిట్ల గాదు, మీరు మాతోనే రావాలె. బస్సుల మీ జాగ మేం ఆపుతం" అన్నాడు.

ఆపారు కూడా. మిర్యాలగూడలో మళ్ళీ ఓడిపోయాం. (రింగులు సరిగ్గానే ఉన్నాయి, లంబూ నాచేతే రసమట్టం పెట్టించి చూశాడు.) తిరుగు ప్రయాణంలో బస్సు కదిలిన కాసేపటికే అతను నా భుజంమీద తల వాల్చి నిద్రపోయాడు. గుంతల రోడ్డు. ఆ భుజం మట్టం తప్పకుండా సూర్యాపేట దాకా ఊపిరి బిగబట్టి కూర్చున్న కుర్ర ఓవర్సియరు గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. తర్వాత ఎన్నో రోడ్లు, వంతెనలు సమం చేశాను. దేన్నీ అంత జాగ్రత్తగా పట్టుకోలేదు.