నిమ్మకాయ పిండిన దిష్టినీళ్లు

అది 2023 మార్చి. తార్నాక నుంచి యూనివర్సిటీ క్యాంపస్ వైపు వెళ్లే సందులో నా పుస్తకాల షాపు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది హాస్టల్ విద్యార్థులు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు. చిన్నపిల్లల పుస్తకాలకు కిటికీ పక్కన ఒకే ఒక్క అర ఇచ్చాను. వ్యాపారం తక్కువైనా ఆ అరంటేనే నాకు ముద్దు.

ఆ రోజు మధ్యాహ్నం సంధ్య వచ్చింది. క్యాంపస్‌లో తెలుగు ఎమ్మే చదివే రోజుల నుంచి నాకు తెలిసిన పిల్ల. పెళ్లయ్యాక లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉంటోంది. భర్త వర్క్‌షాపులో ఫిట్టర్. కూతురు మేఘనకు ఎనిమిదేళ్లు, పాపం నత్తి. బడిలో తోటిపిల్లలు వెక్కిరించీ వెక్కిరించీ, చివరికి అక్కడ నోరు తెరవడమే మానేసింది. సంధ్య మొండిఘటం. బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెబుతోంది.

"అక్కా, కెమిస్ట్రీకొకటి, ఫిజిక్స్‌కొకటి మంచి బుక్స్ కావాలె."

"ఎనిమిదేండ్ల పిల్లకా? ఇప్పటి సంది ఐఐటీకి కూసోబెడతవా ఏంది?" అన్నాను.

సంధ్య నవ్వలేదు. "తెలుగు, లెక్కలు చెప్తనే ఉన్న. సైన్స్ అంటేనే నాకు భయం. అది చెప్పరానప్పుడు ఇంట్ల చదువెందుకు, జూన్‌ల బడికి తోలుదాం అంటున్నది అత్తమ్మ. మా ఆయన ఆమె మాట దాటడు. బడికి పోతే పిల్ల మళ్ల మూగదైతదక్కా."

క్యాంపస్‌లో కెమిస్ట్రీ రీసెర్చ్ చేస్తున్న స్నేహితురాలు ఎవరో ఫౌండేషన్ సెట్ కొనమని చెప్పిందట. ఫౌండేషన్ అంటే ఐఐటీ కోచింగ్‌ను హైస్కూలు నుంచే మొదలుపెట్టే పుస్తకాలు. మా తార్నాకలో అవి మిర్చీబజ్జీల్లా అమ్ముడుపోతాయి. అడిగిందిచ్చి పంపేస్తే నాకే లాభం. కానీ సంధ్య మొహం చూస్తే మనసొప్పలేదు.

చిన్నపిల్లల సైన్స్ పుస్తకాల విషయంలో నాదొక పద్ధతి ఉంది. ప్రయోగం ఉన్న పేజీ తెరిచి తల్లిచేత చదివిస్తాను. అందులో అడిగిన సామానంతా వాళ్ల వంటింట్లో ఉంటేనే బిల్లు రాస్తాను. లేకపోతే ఎంత బొమ్మల పుస్తకమైనా వారం తిరక్కుండా అటకెక్కుతుంది. సంధ్య తెరిచిన మొదటి పుస్తకం బీకరు, లిట్మస్ కాగితం తెమ్మంది. రెండోది మెగ్నీషియం తీగ కావాలంది. మూడోది పలచటి తెలుగు యాక్టివిటీ బుక్.

"పసుపు, సున్నం, నిమ్మకాయ, గ్లాసుల నీళ్లు," చదివి తలెత్తింది. "గివన్ని ఉన్నయక్కా."

"అయితే ఇదే. ఈ వయసుకు కెమిస్ట్రీ వేరే, ఫిజిక్స్ వేరే అక్కర్లేదు. ముందు నువ్వు చెయ్యి, తర్వాత పిల్లతోని చేయించు."

పసుపు ఒక ఇండికేటర్. అంటే తనలో కలిసింది ఆమ్లమో క్షారమో రంగుతో చెప్పేస్తుంది. క్షారమైన సున్నం కలిపితే ఎర్రబడుతుంది, ఆమ్లమైన నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడుతుంది. అంతవరకు వివరించి, ఒక మంచిపని చేశానన్న సంతోషంతో ఆ సాయంత్రం టీ తాగాను.

ఏప్రిల్‌లో ఒక సోమవారం ఆ పుస్తకం నా గల్లాపెట్టె మీద ధబ్బున పడింది. పడేసింది సంధ్య అత్తగారు నర్సమ్మ. ఒక చేత్తో మనవరాలిని పట్టుకుని ఉంది. వెనకాల సంధ్య, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏం బుక్కు అమ్మినవ్ బిడ్డా నువ్వు? దీనికి మాట సాఫ్ గావాలెనని ఐతారమైతారం ఎర్రనీళ్లతోని దిష్టి తీస్త. నిన్న పళ్లెం గాడ పెట్టి లోపలికి పోయొచ్చేసరికి నీళ్లు పచ్చగైనయి. ఇదే నిమ్మకాయ పిండిందట. గీ బుక్కుల గట్లనే ఉన్నదట. దిష్టినీళ్లు ఖరాబైతే పిల్లకు కీడు గాదా? వాపస్ తీస్కో. జూన్‌ల బడికే తోలుతం."

వంటింటి సామాను చూసుకున్నానే గానీ, అదే పసుపూ సున్నమూ ఆ ఇంట్లో ఇంకో పనికి వస్తాయని నాకు తట్టనే లేదు.

"కూసో పెద్దమ్మా. ఏం చేసిందో పిల్లనే చెప్పనీ," అని స్టూలు జరిపాను.

మేఘన నానమ్మ వైపు చూసింది. "నే.. నేను ప.. ప.."

"పసుపు," అంది నర్సమ్మ.

"సు.."

"సున్నం."

పిల్ల తల దించుకుంది. నర్సమ్మది కోపం కాదు, ప్రేమే. మనవరాలు మాట కోసం పెనుగులాడుతుంటే చూడలేక, తనే అందిస్తుంది. అందించిన ప్రతిసారీ పిల్ల మిగతాది మింగేస్తుంది.

గల్లా దగ్గర పూజకు పెట్టుకున్న పసుపు తీశాను. పక్కనున్న పాన్ కొట్టులో సున్నం, సోడా బండి దగ్గర నిమ్మకాయ అడిగి తెచ్చాను. మేఘన గాజు గ్లాసులో పసుపునీళ్లు కలిపి సున్నం వేసింది. ఎర్రబడ్డాయి. నిమ్మకాయ పిండింది. పచ్చబడ్డాయి.

"ఎందుకైతున్నయే గట్ల?" అంది నర్సమ్మ. గొంతులో కోపం ఉంది గానీ, తెలియకే అడిగింది.

"అం.. అందుల ఆ.. ఆ.."

అలవాటు కొద్దీ నర్సమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. అందించడానికి ఆ మాట ఆమెకు తెలియదు. నాకు తెలుసు. నాలిక చివరిదాకా వచ్చింది, పళ్లు బిగబట్టుకున్నాను. సంధ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల ఊపిరి తీసుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఆమ్లం ఉంటది నానమ్మా. అది సు.. సున్నాన్ని.. తగ్గిస్తది. అందుకే మళ్ల ప.. పచ్చగైతది." ఆగి, ఇంకాస్త సున్నం వేసింది. నీళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి. "చూడు. నీ.. నీ నీళ్లు ఖరాబ్ గాలే."

నర్సమ్మ గ్లాసు వైపు కాదు, పిల్ల మొహం వైపు చూస్తోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గింత పెద్ద మాట ఎన్నడు మాట్లాడిందే ఇది?" అని కోడలిని అడిగింది.

"మాట్లాడుతది అత్తమ్మా. మనం ఆగితే," అంది సంధ్య మెల్లగా.

నర్సమ్మ ముక్కు చీదుకుని, గల్లాపెట్టె మీది పుస్తకం తీసి చంకలో పెట్టుకుంది.

"వాపస్ వద్దా పెద్దమ్మా?" అని ఆటపట్టించాను.

"ఉండనీ. ఇంక చాన పేజీలున్నయి."

జూన్ వచ్చింది, బడులు తెరిచారు. మేఘన ఇంట్లోనే ఉంది. ఆ తర్వాత నా పద్ధతికి ఇంకో ప్రశ్న చేరింది. ఇంట్లో సామాను ఉందా అని మాత్రమే అడగను, పిల్ల చెబుతుంటే కూర్చుని వినేవాళ్లు ఎవరున్నారని కూడా అడుగుతాను. ఈ రెండోది నాకు నర్సమ్మ దగ్గర అబ్బింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఆమె ఒక్కతే వచ్చింది. గొడుగు గుమ్మం బయట ఆనించి, కిటికీ పక్కన అర ముందు నిలబడింది. అయస్కాంతాలవీ, అద్దాలవీ, తూనికలవీ నాలుగైదు పుస్తకాలు తీసి చూపించాను. తూనికలది పక్కకు నెట్టేసింది.

"గది వద్దు. కూరగాయలు అమ్మినదాన్ని, తూకం నాకెరుకే," అంది. "నాకేం తెల్వనిది ఇయ్యి బిడ్డా. గప్పుడే నేను నోరు మూసుకుంట."