ఢిల్లీ సారు చేతులు కడుక్కున్న రోజు

ఆరో తరగతి మధ్యలో నేను బడి మానేశాను. బడి ఏమీ బెంగ పెట్టుకోలేదు. పెళ్లయ్యాక విశాఖపట్నం మల్కాపురంలో మా ఇంటి అరుగు మీద ఇడ్లీలు అమ్మడం మొదలుపెట్టాను. రిఫైనరీకి డ్యూటీకి పోయేవాళ్లూ, పోర్టులో డ్యూటీ దిగి వచ్చేవాళ్లూ నా ఇడ్లీతో పాటు నా మాటలూ తిని పోయేవారు. మాటలకు చట్నీ అక్కర్లేదు.

రెండు వేల సంవత్సరం దాటాక, ఒక ఎండాకాలం, హైదరాబాదు నుంచి చదువుకునే పిల్ల ఒకతి వచ్చింది. ఏదో అంతర్జాతీయ ఆరోగ్య సంస్థలో ఇంటర్న్‌షిప్ అంది. అంటే ఏమిటే అని అడిగాను.

"పని నేర్చుకుంట అక్కా. రెండు నెలలు. జీతం ఉండదు."

"అలాగైతే నాను పెళ్లైన కాడ్నించీ అదే సేత్తన్నాను. నాకూ ఒక సర్టిఫికెట్టు ఇప్పించు," అన్నాను.

ఆ పిల్ల పని మా వీధి నీళ్లు. వీధి మొత్తానికి కొళాయి ఒక్కటే. రోజు విడిచి రోజు తెల్లారకట్ల వచ్చేది. పట్టుకున్న నీళ్లు డ్రమ్ముల్లో దాచుకునేవాళ్లం. వాటిలో దోమపిల్లలు ఈదేవి, మా పిల్లలకు విరేచనాలు పట్టుకునేవి. ఆమె ఇంటింటికీ తిరిగి, డ్రమ్ము మూతలెత్తి, టార్చిలైటు వేసి చూసేది.

"నా డ్రమ్ములో సేపలేటైనా ఉన్నాయేటే?" అని అడిగితే, మొదట్లో బిక్కమొహం పెట్టేది. రెండో వారానికల్లా తేరుకుంది. "ఉన్నయక్కా, ఇంకా చిన్నగున్నయ్. పులుసుకు పనికిరావు," అంది. ఆ రోజు నుంచి ఆమె ప్లేటులో ఒక ఇడ్లీ కొసరు వేసేదాన్ని.

సాయంత్రాలు వీధి పిల్లలందరినీ పోగుచేసి, సబ్బుతో చేతులెలా కడుక్కోవాలో నేర్పేది. వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు దాకా. మా పిల్లగుంటలు సబ్బు అయిపోయేదాకా శ్రద్ధగా నేర్చుకునేవారు.

తను చూసిందంతా రాసి ఢిల్లీ ఆఫీసుకు పంపింది. రెండో కొళాయి కావాలని కూడా రాసింది. అక్కడి పెద్ద సారు, చదువుకునే పిల్లలు కాస్త పెంచి రాస్తారు, నేనే వచ్చి చూస్తాను, అంతవరకూ పక్కన పెట్టండి అన్నాడట. ఆయన నమ్మితే ఆమె మాట ముందుకు పోతుంది. నమ్మకపోతే రెండు నెలలు ఎండలో తిరిగిందంతా అబద్ధం కింద జమ.

"ఉన్నది ఉన్నట్టు ఉంచండక్కా. ఏం సర్దకుండ్రి. గంతే," అని సారు వచ్చే ముందు రోజు ప్రతి గుమ్మం దగ్గరా చెప్పి పోయింది.

అందరూ తలలూపారు. ఆమె సందు మలుపు తిరిగిందో లేదో, ఎదురింటి పెద్దమ్మ చీపురు తీసింది. ఆవిడ వీధికంతటికీ అత్తగారి లెక్క.

"పిల్ల సెప్పింది గదే పెద్దమ్మా, అలాగే ఉంచమని," అన్నాను.

"దానికేటి తెలుసే, సిన్నగుంట! పెళ్లిసూపులకొత్తన్నారంటే మన గుంటని మొకం కడక్కుండా కూకోబెడతామేటి? ఢిల్లీ నుంచి మనిసి వత్తన్నాడు. మన పరువు మనకి లేదా?"

అంతే, తెల్లారేసరికి వీధి వీధంతా రంగంలోకి దిగింది. కాలువ కడిగారు. గోడలు కడిగారు. మేకను కడిగారు. పెద్దమ్మ అల్లుడు మంత్రి వస్తే వేసినట్టు రెండు పక్కలా బ్లీచింగు పౌడరుతో తెల్లగీత గీశాడు. డ్రమ్ములన్నీ బోర్లించి, తోమి, ఎండకు పెట్టారు. వాకిళ్ల నిండా కళ్లాపి, దాని మీద ముగ్గులు. నేను ఒక్కదాన్నే మురికిగా ఉంటే నా ఇడ్లీలు ఎవరు కొంటారని, నేనూ అరుగు కడిగేశాను.

సారును వెంటబెట్టుకుని వచ్చిన పిల్ల వీధి మొదట్లోనే ఆగిపోయింది.

"అక్కా... ఏం జేసిన్రక్కా ఇది!" అంది గొంతులోనే.

సారుది గుంటూరట. చాలాకాలంగా ఢిల్లీలో ఉంటున్నారు. అటూ ఇటూ చూసి సంతోషపడ్డారు.

"చాలా శుభ్రంగా ఉందే! నువ్వు రాసింది ఈ వీధి గురించేనా అమ్మా?"

"ఈ వీధే సార్," అంది తల వంచుకుని. చుట్టూ మేమంతా కొత్తచీరల్లో నవ్వుతూ నిలబడ్డాం. మా ముందు మమ్మల్ని చిన్నబుచ్చలేక ఆ పిల్ల నోరు కుట్టేసుకుందని నాకు తెలిసిపోయింది.

ఉండబట్టలేక నేనే అందుకున్నాను. "సారూ, ఈ రోజు మా ఈధి మాలాగ లేదండి. మా సుట్టాల్లాగ ఉందండి."

సారు పకపకా నవ్వారు. "బాగా మాట్లాడతారండీ మీరు!" అన్నారు. పదేళ్లు జోకులేసి సంపాదించుకున్న పేరు అది. అవసరానికి నిజం చెబితే దానికీ నవ్వుతారు.

ఇక చివరగా పిల్లల చేతుల కడుగుడు. నా ఇడ్లీపాత్ర అడుగున మిగిలిన నీళ్లతో అందరి చేతులూ తడిపాను. గుంటలు పోటీపడి నురగ తీశారు. సారుకూ హుషారొచ్చింది. చొక్కా చేతులు పైకి మడిచి, వాళ్లతో పాటు మోచేతుల దాకా సబ్బు రాసుకున్నారు.

"ఊఁ, ఇప్పుడు నీళ్లు పొయ్యండి," అన్నారు.

నేను పెద్దమ్మ వైపు చూశాను. పెద్దమ్మ అల్లుడి వైపు చూసింది.

"మా ఇంట్లో లేవు, మీ ఇంట్లో సూడు."

"మాకెక్కడివి? ఆకరి బిందె మేకకి పోసేసినాం గదా!"

"ఓలమ్మో, ఒక్క సెంబుడైనా లేవేటే ఎవరికాడా?"

సారు ఆపరేషన్‌కు వెళ్లే డాక్టరులా చేతులు పైకెత్తి నిలబడ్డారు. నురగ ఎండిపోతోంది. రిఫైనరీ వైపు నుంచి వచ్చిన మసి చుక్కలు చుక్కలుగా దాని మీద వాలుతోంది.

"నీళ్లు ఎప్పుడొస్తాయి?" అన్నారు సారు.

"రేపూ!" అన్నారు గుంటలందరూ ఒక్క గొంతుతో, ఎంతో సంబరంగా.

సారు ఆ పిల్ల వైపు తిరిగారు. ఈసారి ఆమె తల దించుకోలేదు.

"మీరొస్తున్నరని పొద్దటి నుంచి కడిగిన్రు సార్. ఉన్న నీళ్లన్నీ మీ కాళ్ల కిందనే ఉన్నయ్."

సారు కిందికి చూశారు. ఇంకా ఆరని కళ్లాపి మీద ఆయన బూట్లు సగం ముగ్గును తుడిచేశాయి. చప్పున ఒక అడుగు వెనక్కి వేశారు. తరవాత ఆయనకు నవ్వొచ్చింది. పెద్దమ్మకూ వచ్చింది. వీధంతా నవ్వు. నవ్వనివాడు కిరాణా కొట్టతనొక్కడే. ఎందుకంటే నేను అతని గోలీసోడాలన్నీ పట్టుకొచ్చేశాను. సారు చేతుల మీద సోడా బుసబుసలాడింది. గుంటలు కడుక్కున్నంత కడుక్కుని మిగతాది తాగేశారు.

మర్నాడు తెల్లారకట్ల సారు చెప్పకుండా వచ్చారు. కొళాయి దగ్గర బిందెల వరస, జుట్లు పట్టుకునే తగువు, చివరివాళ్లకు ఆగిపోయిన ధార, అన్నీ కళ్లారా చూశారు. మధ్యలో దూరబోయి పెద్దమ్మ చేత "లైన్లో రండి బాబూ" అనిపించుకున్నారు. ఎండెక్కాక వచ్చి నా అరుగు మీద కూర్చున్నారు.

"తక్కువే రాశావమ్మా," అన్నారు ఆ పిల్లతో. "ఇది నేను పైకి పంపిస్తాను. ఒక్క అక్షరం కూడా మార్చను."

తరవాత ఏడాదికి రెండో కొళాయి వచ్చింది. కానీ ఆ పొద్దున మాకు కొళాయి కంటే ఆ పిల్ల మొహమే ఎక్కువ కనబడింది. రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఏడవని మనిషి ఇడ్లీ ప్లేటు ఒళ్లో పెట్టుకుని, ముక్కు ఎగబీలుస్తూ వెక్కివెక్కి ఏడ్చింది.

ఖాళీ బిందె ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"ఇందులో ఏడవ్వే తల్లీ. మల్లీ ఎల్లుండి దాకా కొళాయి రాదు."